మాస్టారూ, అయస్కాంతం నీళ్లు పోస్తే టమాటా ఎర్రగా పండుద్దా?

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో సగం టమాటా మీదే ఉన్నాయి, అందులో కూడా చాలావరకు ఒకే వస్తువు గురించి, నీళ్ల పైపుకి బిగించే అయస్కాంతం గురించి. ఎవరో ఏజెంటు భీమిలి రోడ్డంతా తిరిగేసినట్టున్నాడు. అందుకే మిరప, వంగ ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి ఇవన్నీ ఒక్కచోట చెప్పేస్తున్నా.

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది ఆనందపురం మండలం. అరవై సెంట్లలో టమాటా ఏసేనండి, డ్రిప్పు ఉంది. బోరు నీళ్లు కొంచెం ఉప్పగా ఉంటాయి, మీటరు పెడితే టీడీఎస్, అదే నీళ్లలో కరిగున్న ఉప్పుల లెక్క, 1100 చూపించింది. మొన్న మా బావమరిది ఎవర్నో వెంటబెట్టుకొచ్చేడు, పైపుకి అయస్కాంతం బిగిస్తే ఆ నీళ్లకి టమాటాలో యాంటీ ఆక్సిడెంట్లు డబల్ అయిపోతాయంట, అప్పుడు బోర్డు పెట్టుకుని ఎంవీపీ కాలనీ రైతు బజార్లో ఎక్కువ రేటుకి అమ్ముకోవచ్చంట. పద్దెనిమిది వేలన్నాడు, పదిహేనుకి దిగేడు. ఏటండి ఇది, నిజమేనా? బావమరిది మొహం చూసి కాదనలేకపోతన్నాను.

జవాబు: ముందు తేలిక ముక్క చెప్తా. రైతు బజార్లో రేటు మీరు పెట్టేది కాదు కదండీ, పొద్దున్నే ఆఫీసు వాళ్లు బోర్డు మీద రాసిందే రేటు, మీ టమాటా ఎంత గొప్పదైనా పక్క స్టాల్ టమాటా రేటుకే పోతుంది. అంటే మీ పదిహేను వేలు తిరిగి రావాల్సిన దారి అక్కడే మూసుకుపోయింది. బావమరిదికి ఈ ఒక్క మాట చెప్పండి చాలు, గొడవ లేకుండా సర్దుకుంటాడు.

ఇంక అసలు సంగతి. టమాటాలో యాంటీ ఆక్సిడెంట్లు అంటే ఒకటే వస్తువు కాదు. ఎరుపునిచ్చే లైకోపీన్ ఉంది, విటమిన్ సి ఉంది, తొక్కలో ఎక్కువగా ఉండే క్వెర్సెటిన్ లాంటివి ఉన్నాయి. మామూలు పండు వంద గ్రాములు తీసుకుంటే లైకోపీన్ రెండున్నర నుంచి మూడు మిల్లీగ్రాములు, విటమిన్ సి 14 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, రకాన్ని బట్టి, ఎప్పుడు కోశారన్నదాన్ని బట్టి ఇది బాగా అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఎవరైనా డబల్ అంటే ఏది డబల్, దేనితో పోలిస్తే డబల్ అని అడగాలి. ఏజెంటుని అడిగి చూడండి, టాపిక్ మార్చేస్తాడు.

అయస్కాంతం నీళ్లని ఏం చేస్తుంది? ఇనుముని లాగినట్టు నీళ్లని లాగదు, నిజానికి నీళ్లు అయస్కాంతం నుంచి చాలా చాలా కొద్దిగా దూరం జరుగుతాయి. ఎంత కొద్దిగా అంటే 1997లో నెదర్లాండ్స్‌లో ఒక చిన్న కప్పని, కప్ప ఒంట్లో ఎక్కువ భాగం నీళ్లేగా, అయస్కాంతంతో గాల్లో తేలించారు, దానికి 16 టెస్లా కావాల్సొచ్చింది, అంటే అయస్కాంతం బలాన్ని కొలిచే లెక్కలో లక్షా అరవై వేల గాస్. మీ పైపుకి బిగించేది మహా అయితే కొన్ని వేల గాస్. పోనీ నీళ్ల స్ట్రక్చర్ మారిపోతుంది అంటారు, నీటి అణువుల మధ్య పట్టు సెకనులో లక్ష కోట్లవ వంతు లెక్కలో తెగిపోయి మళ్లీ కలుస్తూనే ఉంటుంది, పైపు దాటి మొక్క మొదలు దాకా వచ్చేలోపు ఏం స్ట్రక్చర్ మిగులుద్ది చెప్పండి. ఏజెంటు మళ్లీ వస్తే ఒక పని చేయండి. రెండు మగ్గులు పెట్టండి, ఒకదాంట్లో అయస్కాంతం ముందు నీళ్లు, రెండోదాంట్లో తర్వాత నీళ్లు పట్టి మీ మీటరు ముంచండి. ఇందులో 1100 ఉంటే అందులోనూ 1100ఏ ఉంటుంది. ఉప్పు ఎక్కడికీ పోలేదు మరి.

అలాగని మొత్తం బూటకం అని కూడా నేను కొట్టిపారేయను, అది కూడా న్యాయం కాదు. ఈ గొడవ పాతదే, 1945లో బెల్జియంలో పేటెంట్ తీసుకున్నారు, అయితే అది పంటకి కాదు, బాయిలర్లలో గార పట్టకుండా. ఇప్పటికీ ఈ అయస్కాంతాల్లో కాస్తో కూస్తో నమ్మబుద్ధేసే పని అదే, సున్నం ఎక్కువున్న నీళ్లలో గార గట్టిగా అంటుకోకుండా పొడిపొడిగా పడటం, అది కూడా ఒకచోట పనిచేసి ఇంకోచోట చేయదు. మీ డ్రిప్పులో రంధ్రాలు తెల్లగా మూసుకుపోతుంటే ఎవరైనా ఈ మాట చెప్తే కనీసం వింటాను, కానీ మనవాళ్లు చేసే యాసిడ్ ట్రీట్‌మెంట్ దీనికంటే చౌక, పనిచేస్తుందని తెలిసిందీనూ. యాసిడ్‌ని నీళ్లలో పోయాలి, నీళ్లని యాసిడ్‌లో పోయకూడదు, గ్లౌజులు మర్చిపోకండి.

పంట మీద చేసిన వాటిలో నేను కాస్త సీరియస్‌గా తీసుకునేది ఆస్ట్రేలియాలో వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీ వాళ్లది, మహేశ్వరి, గ్రేవాల్ అనే ఇద్దరు 2009లో రాశారు. సెలరీ అనే ఆకుకూర, స్నో పీస్ అనే తొక్కతో తినే బఠాణీ, మామూలు బఠాణీ మీద చేశారు. మూడు వేల పీపీఎం (మీ మీటరు టీడీఎస్ అంకె లాంటిదే) ఉప్పు నీళ్లని అయస్కాంతం దాటించి పోస్తే సెలరీ దిగుబడి 23 శాతం పెరిగింది, రీసైకిల్ నీళ్లతో 12 శాతం, స్నో పీస్ ఆరు నుంచి ఎనిమిది శాతం, అందులో వెయ్యి పీపీఎం ఉప్పు నీళ్లతో ఆరు. మీ నీళ్లూ వెయ్యి దగ్గరే కదా అని ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. కానీ అదే చోట, అదే చేత్తో చేసిన బఠాణీకి ఏమీ లాభం లేదు! పైగా అదంతా దిగుబడి లెక్క, టమాటా అందులో లేదు. టమాటా మీద విడిగా నైజీరియా లాంటి చోట్ల చేశారు, మొక్క ఏపుగా పెరిగింది, కాయ ఎక్కువొచ్చింది అని రాశారు. ఇంకోటి, క్యూబా వాళ్లు 2006లో టమాటా దిగుబడి పెరిగిందని చూపించింది నీళ్లకి కాదు, విత్తనాలకి, నాటేముందు విత్తనాన్ని కొద్ది నిమిషాలు అయస్కాంతంలో పెట్టారంతే. బ్రోషర్లలో ఇవన్నీ కలిపి కిచిడీ చేసేస్తారు.

యాంటీ ఆక్సిడెంట్ దగ్గరకొచ్చేసరికి ఇంకో మెలిక ఉంది, దీన్ని కాస్త నిదానంగా చదవండి. చాలా పరిశోధనల్లో కొలిచేది ఆకులో ఎంజైములు, కెటలేజ్, పెరాక్సిడేజ్ లాంటివి. మొక్కకి ఎండ, ఉప్పు, నీటి కరువు తగిలితే తనని తాను కాపాడుకోడానికి అవి తయారుచేసుకుంటుంది. అది మొక్క బాధ, మన భోజనం కాదు. ఆకులో ఎంజైము పెరిగితే పండులో లైకోపీన్ పెరిగినట్టు కాదు, ఒకవేళ ఆ ఎంజైములు పండులో ఉన్నా మన పొట్టలో పప్పులో ప్రొటీన్ అరిగినట్టే అరిగిపోతాయి. రెండో మెలిక, పండు చిన్నదై నీరు తక్కువ పడితే వంద గ్రాములకి లెక్కేసినప్పుడు అన్నీ పెరిగినట్టే కనిపిస్తాయి. చారు ఎక్కువసేపు మరిగిపోతే ఉప్పు ఎక్కువైనట్టు ఉంటుంది చూడండి, ఉప్పు మీరు కొత్తగా వేయలేదు, నీళ్లు పోయాయంతే.

ఇక్కడే తమాషా. మీ ఉప్పు నీళ్లు ఆ పని కొంత ఇప్పటికే చేస్తుండొచ్చు. టీడీఎస్ 1100 అంటే ఈసీ లెక్కలో, అదే ఉప్పుని నీళ్లలో కరెంటు పారే తీరుని బట్టి కొలిచే లెక్కలో, సుమారు 1.7. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) పట్టికలో టమాటాకి దిగుబడి తగ్గకుండా పోయగలిగిన నీటి హద్దు సరిగ్గా 1.7, అది 2.3కి వెళ్తే పదో వంతు పంట పోతుంది, 3.4కి వెళ్తే పావు వంతు. మీరు గీత మీద నిలబడి ఉన్నారు. కొంచెం ఉప్పు, కొంచెం నీటి ఎద్దడి తగిలిన టమాటా సైజు తగ్గి తీపి పెరుగుతుంది, కొన్నిసార్లు లైకోపీన్, విటమిన్ సి కూడా పెరుగుతాయి, కానీ తూకంలో దెబ్బ కొడుతుంది. మే నెలలో బోరు లోతుకి పోయి మీటరు 1400, 1500 చూపించే రోజులొస్తే మీ అసలు సమస్య అది, అయస్కాంతం కాదు. ఆ పదిహేను వేలల్లో ఒక భూసార పరీక్ష, మల్చింగ్ షీటు, వానాకాలం నీళ్లు పట్టుకోడానికి చిన్న గుంట తవ్వించడం, వీటికి పెట్టండి. వారానికోసారి కాస్త ఎక్కువ నీళ్లు వదిలితే వేళ్ల దగ్గర చేరిన ఉప్పు కిందకి దిగుతుంది. కాయ అడుగున నల్ల మచ్చ పడుతుంటే చెప్పండి, అది తెగులు కాదు, ఉప్పూ, తడి ఒకరోజు ఉండి రెండ్రోజులు లేకపోవడమూ కలిసి కాయకి కాల్షియం అందకపోవడం.

యూరియా చెయ్యి కూడా కొంచెం తగ్గించండి. కాలిఫోర్నియాలో డేవిస్ యూనివర్సిటీ వాళ్లు పదేళ్ల పాటు సేంద్రియ పొలం, మామూలు పొలం పక్కపక్కన పండించి టమాటాలు దాచి కొలిచారు, 2007లో రాశారు. సేంద్రియ టమాటాలో క్వెర్సెటిన్ 79 శాతం, కెంఫెరాల్ అనేది 97 శాతం ఎక్కువ ఉంది. నత్రజని ఎడాపెడా అందకపోవడమే దానికి కారణం అయ్యుండొచ్చని వాళ్ల అభిప్రాయం. చూశారా, డబల్‌కి దగ్గర దగ్గరగా వచ్చింది, అయస్కాంతం ఊసే లేకుండా.

ప్రశ్న: నమస్తే అండి, మేము మధురవాడలో అపార్ట్‌మెంట్ పైన కుండీల్లో టమాటా పెంచుతాం. ఏప్రిల్, మేలో కాసినవి ఎన్ని రోజులు ఉంచినా ఎర్రగా అవట్లేదు, పసుపు నారింజ రంగులో, భుజాల దగ్గర గట్టిగా ఉండిపోతున్నాయి. పక్కింటావిడ మాగ్నెట్ వాటర్ పోస్తే లైకోపీన్ వస్తుందంటున్నారు, వాళ్లకి నిజంగానే ఎర్రగా కాశాయి కూడా.

జవాబు: పక్కింటావిడ కుండీలు ఎటువైపు ఉన్నాయో చూశారా అమ్మా? తూర్పువైపు ఉండి మధ్యాహ్నం నీడ పడుతుంటే మీ జవాబు అక్కడే దొరికింది. లైకోపీన్ తయారవ్వాలంటే పండుకి ఇరవై నుంచి పాతిక డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, ముప్పై దాటితే దాని తయారీ బాగా మందగిస్తుంది, పసుపు నారింజనిచ్చే బీటా కెరోటిన్ మాత్రం తయారవుతూనే ఉంటుంది, అందుకే ఆ రంగు. మన విశాఖలో మేలో రాత్రి కూడా ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దగ్గరే ఉంటుంది, పైగా సిమెంటు డాబా వేడి, సముద్రపు ఉక్క. అరకు, లంబసింగి వైపు చలికాలంలో కాసిన టమాటా ముక్క కోసి చూడండి, తేడా లోపల గుజ్జులోనే కనపడుతుంది.

మీరు చేయాల్సింది, కాయ అడుగున లేత గులాబీ రంగు మొదలవ్వగానే కోసేసి ఇంట్లో గాలి ఆడే చోట, ఎండ తగలకుండా పెట్టండి, హాల్లో ఏసీ వేసే గదైతే ఇంకా మంచిది, మూడు నాలుగు రోజుల్లో ఎర్రబడుతుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి, అక్కడ రంగూ రాదు రుచీ పోతుంది. పైన గ్రీన్ నెట్ వేయండి, ఆకులు మరీ తుంచేయకండి, కాయకి అవే గొడుగు. సెప్టెంబర్‌లో నారు పోస్తే డిసెంబర్, జనవరిలో కాసేవి చూడండి, మీరే పక్కింటికి పంచుతారు.

ప్రశ్న: సార్, నేను గాజువాకలో డిగ్రీ చదువుతున్నా, బోటనీ ప్రాజెక్ట్‌కి ఇదే టాపిక్ తీసుకుందాం అనుకుంటున్నా, అయస్కాంతం నీళ్లు, టమాటాలో యాంటీ ఆక్సిడెంట్లు. ఎలా చేస్తే తప్పులు రాకుండా ఉంటాయి?

జవాబు: ముందు నా తప్పు చెప్తా, అదే పెద్ద పాఠం. ఒక స్నేహితుడి దగ్గర అయస్కాంతం సెట్టు అరువు తెచ్చి సీతమ్మధారలో మా మేడ మీద పన్నెండు గ్రో బ్యాగులు పెట్టా, ఆరు ఇటు, ఆరు అటు. అయస్కాంతం నీళ్లు పోసిన వైపు కాయలు ముందే ఎర్రబడ్డాయి, రిఫ్రాక్టోమీటర్‌లో తీపి కూడా అర పాయింటు ఎక్కువ. నేనింక ఆగలేదు, ఫోన్లు చేసి అందరికీ చెప్పేశా. ఒకరోజు మధ్యాహ్నం మూడింటికి బట్టలు తీయడానికి పైకెళితే కనపడింది, రెండో వైపు ఆరు బ్యాగుల మీద వాటర్ ట్యాంకు నీడ అడ్డంగా పడుంది. రోజూ పొద్దున్నే నీళ్లు పోసి దిగిపోయే వాడిని, ఆ నీడ నేనెప్పుడూ చూడలేదు. రెండో పంటకి వైపులు మార్చా, ఈసారి అయస్కాంతం లేనివి గెలిచాయి, అంటే గెలిచింది ఎండ. ఫోన్ చేసినోళ్లందరికీ మళ్లీ ఫోన్ చేయలేదనుకో, సిగ్గేసి.

కాబట్టి నువ్వు ఇటొక వరస అటొక వరస పెట్టకు. ఇరవై నాలుగు బ్యాగులు కలిపేసి, ఏ బ్యాగుకి ఏ నీళ్లో బొమ్మా బొరుసూ వేసి తేల్చు. రెండు పైపులు తీసుకో, ఒకదానికి అయస్కాంతం, రెండోదానికి అదే సైజులో అదే బరువున్న ఉత్త ఇనప ముక్క టేపు చుట్టి బిగించు, ఏది ఏదో నీ ఫ్రెండ్ ఒక్కడికే తెలియాలి, లెక్కలన్నీ అయ్యేదాకా నీకు చెప్పకూడదు. గాస్ మీటరు మీ ఫిజిక్స్ ల్యాబులో ఉంటుంది, పైపు మధ్యలో ఎంత ఉందో కొలిచి రాసుకో, నీళ్లు ఎంత స్పీడుగా పారుతున్నాయో కూడా, ఇవి రెండూ రాయకపోతే నీ ప్రయోగం ఇంకొకడు మళ్లీ చేసి చూడలేడు. చాలా పేపర్ల జబ్బే ఇది. కాయలన్నీ ఒకే రంగు దశలో కోయాలి, ఇవాళ పండింది ఒకటి, దోరది ఒకటి పోలిస్తే అయస్కాంతం కాదు వయసు కొలిచినట్టు.

లైకోపీన్‌కి గుజ్జుని హెక్సేన్ కలిపిన ద్రావణంలోకి దింపి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 503 నానోమీటర్ల దగ్గర చూస్తారు. హెక్సేన్ ఇట్టే అంటుకుంటుంది, ల్యాబులో ఫ్యూమ్ హుడ్ కిందే, హాస్టల్ రూములో వేషాలొద్దు. విటమిన్ సికి ఆ నీలం డై, డీసీపీఐపీ, చుక్క చుక్క వేస్తుంటే రంగు పోతూ పోతూ చివర్లో లేత గులాబీ నిలబడిపోతుంది, అక్కడ ఆపాలి, చూడ్డానికి భలే ఉంటుంది. యాంటీ ఆక్సిడెంట్ బలం చూసే డీపీపీహెచ్ అనే రసాయనం అయితే ఊదా రంగు పసుపుగా మారుతుంది, 517 దగ్గర చదువుతారు. కానీ అది గాజు గొట్టంలో జరిగే సంగతి, మనిషి ఒంట్లో అదే జరుగుతుందని రాయకు. అమెరికా వ్యవసాయ శాఖ ఇలాగే గాజు గొట్టంలో యాంటీ ఆక్సిడెంట్ బలం కొలిచే ఓరాక్ అంకెల పట్టికనే, కంపెనీలు ప్రచారానికి వాడేసుకుంటున్నాయని, ఆ అంకెలకీ ఆరోగ్యానికీ లింకు తేలలేదని 2012లో తీసేసింది. ఇంకోటి, పచ్చి బరువుకీ ఎండు బరువుకీ రెండు లెక్కలూ వేయి, పైన ఆనందపురం రైతుకి చెప్పిన చారు కథ చదువు. తేడా ఏమీ రాకపోతే తేడా రాలేదనే రాయి, మార్కులు తగ్గిస్తే మీ మేడమ్‌కి నా జవాబు చూపించు.

ప్రశ్న: అయస్కాంతం నీళ్లు తాగితే షుగర్ తగ్గుతుందని పెందుర్తిలో మా చుట్టాలు తాగుతున్నారు. తాగొచ్చా?

జవాబు: తాగండి, దాహం తీరుతుంది. షుగర్ మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా మానకండి, చుట్టాలకి కూడా గట్టిగా చెప్పండి.

ప్రశ్న: సార్, మా పాప ఇంటర్నెట్‌లో చదివి టమాటా పచ్చిదే తినాలి, వండితే యాంటీ ఆక్సిడెంట్లు చచ్చిపోతాయి అని నన్ను చారు పెట్టనివ్వట్లేదు. నిజమా?

జవాబు: సగం నిజం, పాపకి అదే చెప్పండి. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు 2002లో టమాటాని 88 డిగ్రీల దగ్గర అరగంట ఉడికించి చూశారు, విటమిన్ సి సుమారు 29 శాతం తగ్గింది, కానీ కణాల గోడలు విడిపోయి బయటికొచ్చే లైకోపీన్ రెట్టింపు దాటింది. లైకోపీన్ నూనెలో కరిగే సరుకు, కాబట్టి ఒంటికి పట్టాలంటే కాస్త నూనె పడాలి. విటమిన్ సి కోసం ఒక జామకాయ తినిపించండి, మనూళ్లో దానికేం తక్కువ.

అలా చూస్తే మన టమాటా పచ్చడి లెక్క బాగానే కుదిరింది, నూనెలో మగ్గుతుంది, తొక్క తీయం. తొక్క తీయకపోవడం ముఖ్యం, క్వెర్సెటిన్ ఎక్కువ అక్కడే ఉంటుంది. మా ఇంట్లో అయితే ఎండుమిరపకాయలు వేయించి తీసేశాక అదే మూకుట్లో టమాటా ముక్కలు, చిటికెడు పసుపు వేసి మూత పెట్టేస్తాం, నీళ్లు ఇగిరి నూనె పక్కలకి ఎర్రగా తేలేదాకా. ఆ నూనెలో తేలే ఎరుపులో మిరప రంగుతో పాటు లైకోపీన్ కూడా ఉందని పాపని పిలిచి చూపించండి, తర్వాత చారు సంగతి తనే ఒప్పుకుంటుంది.